కొలువులో పరదేశి

1598లో పాల్ హెంట్జ్‌నర్ అనే జర్మన్ న్యాయవాది, ఒక కులీన యువకుడికి గురువుగా దేశాలు తిరుగుతూ ఇంగ్లండ్ చేరాడు. ఒక ఆదివారం గ్రీనిచ్ భవనంలో, ప్రార్థనకు వెళుతున్న ఎలిజబెత్ రాణిని దగ్గరగా చూశాడు. ఆమెకు అటూ ఇటుగా 65 ఏళ్లు. తెల్లని ముఖాన ముడతలు, కాస్త వంగిన ముక్కు, నల్లబడిన పళ్లు, ఎర్రని పెట్టుడు జుట్టు: అన్నీ రాసుకున్నాడు. తెల్లపట్టు దుస్తుల అంచున చిక్కుడు గింజలంత ముత్యాలనూ అంతే శ్రద్ధగా రాశాడు.

అంతకు రెండేళ్ల ముందే, 1596లో, రాణిగారికి నచ్చని చిత్తరువులను వెతికి తొలగించమని ఆమె సలహామండలి ప్రీవీ కౌన్సిల్ ఆజ్ఞ ఇచ్చింది. 1600 ప్రాంతంలో గీసిన 'రెయిన్‌బో' చిత్రంలో ఆమె పడుచుపిల్లలా ఉంటుంది. ఆ ముడతలను కాగితం మీద పెట్టగలిగినవాడు ఆ కొలువు నుంచి ఏ ఈనామూ ఆశించని పరదేశి. అతని లాటిన్ పుస్తకం నూరెంబర్గ్‌లో అచ్చయింది 1612లో. రాణి 1603లోనే కన్నుమూసింది.

నల్ల పళ్ల మాటే అందరూ చెప్పుకుంటారు. నా మనసు మాత్రం హెంట్జ్‌నర్ వర్ణించిన భోజనశాల దగ్గరే ఆగిపోతుంది. బల్ల మీద గుడ్డ పరిచేవాళ్లు ముందు మూడుసార్లు మోకరిల్లారు. ఉప్పు, పళ్లెం, రొట్టె తెచ్చినవాళ్లూ అంతే. తెల్లపట్టు కట్టిన ఒక కన్య వచ్చి, రాణి ఎదుటే ఉన్నంత భయభక్తులతో పళ్లేలను రొట్టెతో, ఉప్పుతో రుద్దింది. ఎర్రని దుస్తుల భటులు 24 వంటకాలు తెచ్చారు; విషం ఉందేమోనని ఎవరు తెచ్చినదాంట్లోంచి వాళ్లకే ఒక ముద్ద తినిపించారు. 12 బూరలు, రెండు నగారాలు అరగంట సేపు హోరెత్తించాయి. ఇంత జరిగినా రాణి అక్కడ లేదు. ఆఖరికి కన్యలు ఆ వంటకాలను లోపలి గదికి, గర్భగుడికి నైవేద్యం మోసినట్టు తీసుకుపోయారు. అక్కడ ఆమె దాదాపు ఒంటరిగా భోంచేసేది. రాచరికం ఎలా నిలబడిందో తెలియాలంటే నేను ఏ చరిత్ర గ్రంథానికన్నా ముందు ఈ పేజీ చదవమంటాను.

మన కొలువుకూ ఇలాంటి పరదేశి ఒకడు వచ్చాడు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కృష్ణరాయలను మనసారా మెచ్చుకున్నాడు. ముఖాన మశూచి మచ్చలున్నాయనీ రాశాడు. ప్రబంధాల అంకిత పద్యాల్లో ఆ మచ్చలకు చోటు లేదు. ఆ మచ్చలతో రాయలు నాకు మరింత దగ్గరవుతాడు. మన సాహిత్య విద్యార్థులు ప్రబంధాన్నీ పాయెస్‌నూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా గట్టి కోరిక.

అలాగని బాటసారి చెప్పిందల్లా నమ్మలేం. ఇంగ్లీషువాళ్లకు ఫిరంగులు, డోళ్లు, గంటల మోత అంటే ప్రాణమని హెంట్జ్‌నర్ కొద్ది రోజుల్లోనే తేల్చేశాడు. ఆ జాతి మొత్తం మీద అతని తీర్పు నేను ఒప్పుకోను. లండన్ వంతెన మీద ద్రోహ నేరానికి నరికి శూలాలకు గుచ్చిన తలలు ముప్పైకి పైగా లెక్కపెట్టానన్నాడు. ఆ లెక్కను మాత్రం నమ్ముతాను.