తేనె మానేసి బాదంపాలు తాగే అహింసావాదికి

మొన్నొక మిత్రుడు తాను తేనె మానివేసినట్లు చెప్పాడు. కారణమడిగితే, తేనెటీగలు కూడబెట్టుకున్నది దోచుకోవడం హింస అన్నాడు. మంచిమాటే. అదే కారణంగా పశువుల పాలు కూడా మానేశాడట. మరి కాఫీ దేనితో అంటే, బాదంపాలతో! ఆ పూట నేనేమీ అనలేదు. ఇంటికి వచ్చాక, అనకపోవడమే తప్పనిపించింది. అందుకే ఈ టపా. పేరు చెప్పడం లేదు గనుక ఆయన నొచ్చుకోడనే ధైర్యంతో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన పెరళ్ళలో పెరిగే, విస్తళ్ళు కుట్టుకునే ఆకుల బాదంచెట్టు వేరు, ఈ బాదం వేరు. ఇది పీచ్ పండుకు దగ్గరి చుట్టం. ప్రపంచపు పంటలో ఐదింట నాలుగు వంతులు కాలిఫోర్నియాలోని సెంట్రల్ వ్యాలీలోనే పండుతుంది. ఇటీవలి సంవత్సరాలలో ఆ పంటను బయటి దేశాలన్నింటికన్నా ఎక్కువగా కొంటున్నది మనమే. రాత్రి నానబెట్టి ఉదయం పొట్టు తీసి పిల్లలకు పెట్టే ఆ నాలుగు గింజల వెనుక ఏం జరుగుతున్నదో తెలుసుకోవలసిన బాధ్యత మనకు లేదంటారా?

ఆ చెట్లలో అత్యధికభాగం తమ జాతి పుప్పొడితో తాము కాయవు. పక్క వరుసలోని వేరొక రకం పుప్పొడిని ఎవరో మోసుకురావాలి. పూత ఫిబ్రవరిలో, రెండు మూడు వారాలు మాత్రమే. తోటలు 13 లక్షల ఎకరాల పైమాట, ఎకరానికి రెండు పెట్టెల చొప్పున తేనెటీగలు కావాలి. ఆ లోయలో ఏడాది పొడుగునా అన్ని ఈగలు బతకడానికి తిండి లేదు. అందుచేత ఫ్లోరిడా నుంచి, టెక్సాస్ నుంచి, డకోటాల నుంచి లారీలు బయలుదేరుతాయి. ఒక్కో లారీకి నాలుగైదు వందల పెట్టెలు, పైన వల. ఫ్లోరిడా నుంచయితే నాలుగు వేల కిలోమీటర్లు. బండి కదులుతున్నంతసేపూ ఈగలు లోపలే అణగి ఉంటాయి. పగటి ఎండలో ఆగిందా, పెట్టె వేడెక్కి బయటపడతాయి. కాబట్టి పగలు లారీ ఆగదు. ఆ దేశంలో వ్యాపారానికి పెంచే తేనెటీగలలో అత్యధికభాగం ఏటా ఆ ఒక్క నెలలో ఆ ఒక్క లోయకు చేరుతుంది.

"పెట్టెలు తరలించడంలో తప్పేముంది, మన గొర్రెలకాపరులు మందల్ని ఊరూరా తిప్పలేదా?" అని ఎవరైనా అడగవచ్చు. తిప్పారు. రైతు తన పొలంలో మంద కట్టించుకుని కాపరికి గింజలు కొలిచేవాడు. లెక్కకు ఇదీ అటువంటి బేరమే. అయితే మంద నడిచివెళ్ళేది, దారిపొడుగునా మేసేది. ఇక్కడ దారిలో మేత లేదు. లారీ ప్రయాణం చేసిన ఈగలలో, పిల్లపురుగులకు ఆహారం స్రవించే గ్రంథులు సరిగా ఎదగలేదని 2012లో ఒక పరిశోధన తేల్చింది. వలస తిప్పిన ఈగల ఆయుర్దాయం కొంత తగ్గుతోందని 2016లో మరొకటి. అసలే ఆరు వారాల బతుకు!

ప్రయాణం కన్నా పెద్ద చేటు ఆ గుంపులో ఉంది. పూర్వం తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళు కలరాతో తిరిగివచ్చేవారు. ఇదీ అంతే. వరోవా అనే పరాన్నజీవి 1987లో అమెరికాలో బయటపడింది. 2006లో ఈగలు పెట్టెలు వదిలి మాయమైపోవడం మొదలైంది. 2024 వేసవి నుంచి 2025 తొలినాళ్ళ దాకా వ్యాపార పెంపకందారుల పెట్టెలలో సుమారు 60 శాతం నాశనమయ్యాయి. చచ్చిన పట్లలో వరోవా మోసుకొచ్చే వైరసులు కనబడ్డాయనీ, ఆ వరోవాకు మందు పనిచేయడం మానేసిందనీ అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చెప్పారు. "చూశారా, నేరం పురుగుది, లారీది కాదు" అంటారు తోటల పక్షం వారు. కలరా పురుగు వల్లనే వస్తుంది, ఒప్పుకుంటాను. తిరునాళ్ళు జరిపించినదెవరు?

బాదం పుప్పొడి ఈగలకు మంచి ఆహారమన్న మాట నిజమే. ఆ మూడు వారాలు అవి బాగానే బలుస్తాయి. పూత రాలాక ఆ నేలమీద మరొక పువ్వుండదు. మళ్ళీ లారీ. వాషింగ్టన్ రాష్ట్రపు యాపిల్ తోటలకు, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో.

నేను పెంపకందారులను తిట్టడం లేదు. 2000ల తొలినాళ్ళలో 50 డాలర్లున్న పెట్టె అద్దె నేడు 200 దగ్గర ఉంది. తేనె వారిని పోషించదు, అద్దె పోషిస్తుంది. అందులోనూ బాదంపూల తేనె చేదు, ఎవరూ కొనరు. తేనె కోసం కాదు, బాదం కోసమే ఆ ఈగలు లారీ ఎక్కుతున్నాయని మా మిత్రుడు గ్రహించాలి.

2025 మే 30న వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర అటువంటి లారీ ఒకటి బోల్తాపడింది. ఇరవై అయిదు కోట్ల ఈగలు బయటపడ్డాయని అధికారులు ప్రకటించారు, పత్రికలు అచ్చువేశాయి. లారీకి అయిదువందల పెట్టెలు, పెట్టెకు నలభై వేలు అనుకున్నా రెండు కోట్లు దాటవు. ఎక్కాలు వచ్చిన పిల్లవాడు పట్టుకోగల తప్పు! మనుషుల సంగతైతే ఒక్క ప్రాణం అటూ ఇటూ అయినా మరునాడు సవరణ వేస్తారు.

తన పుప్పొడితో తానే కాసే 'ఇండిపెండెన్స్' అనే బాదం రకం ఇప్పటికే తోటలలో ఉంది. దానికి ఇన్ని పెట్టెలు అక్కరలేదు. వరుసల మధ్య ఆవాలు చల్లినవారున్నారు. అమెరికా సొంత ఈగలలోనే బాదంపూలపై చక్కగా పనిచేసే జాతి ఉంది. దారులు లేకపోలేదు, కొనేవాడు అడగాలి. బాదం మానమని నేననను. నేనూ తింటాను. దానికి అహింస అని పేరు పెట్టవద్దనే నా గొడవంతా.

వచ్చే ఆదివారం ఆ మిత్రుడి ఇంటికి వెళ్ళవలసి ఉంది. కాఫీ ఇస్తే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.