విత్తనం దగ్గరే ఆగిపోయిన దుంప పంటలు

వరికి, కందికి, వేరుశనగకు గింజే విత్తనం. బంగాళాదుంపకు దుంపే విత్తనం, చిలగడదుంపకు తీగ ముక్కే విత్తనం. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. తల్లి మొక్కకు సోకిన వైరస్ దుంపలోనో తీగలోనో దాగి నేరుగా పిల్ల మొక్కలోకి వచ్చేస్తుంది. అదే విత్తనాన్ని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడితే దిగుబడి ఏటికేడు జారిపోతుంది. చేను చాలాసార్లు పైకి పచ్చగానే ఉంటుంది, తవ్వి చూస్తే గోలీలంత దుంపలు. ఎరువు చాల్లేదనో, నీళ్లు ఎక్కువయ్యాయనో రైతు అనుకుంటాడు. లోపం విత్తనంలో ఉందని చెప్పే మనిషి ఆ ఊళ్లో ఉండడు. రైతు ఒక్కడే ఎంత చాకిరీ చేసినా, శాస్త్రవేత్త ఒక్కడే ఎంత మేలైన రకం తెచ్చినా ఈ పంటలు గట్టెక్కవు. ఇద్దరూ ఏడాది పొడవునా కలిసి పనిచేసే సంఘం కావాలి. తెలుగు రాష్ట్రాల్లో కొరవడింది అదే.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో బంగాళాదుంప సాగు 2.34 లక్షల హెక్టార్లు, దిగుబడి 15 లక్షల టన్నుల పైచిలుకు. ఇవాళ సాగు 20 లక్షల హెక్టార్లు దాటింది, దిగుబడి 5 కోట్ల టన్నులు మించింది. చైనా తర్వాత మనమే. 1949లో పట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ దీనికి మూలం. సిమ్లా దగ్గరి కుఫ్రీ అనే చిన్న ఊరి పేరే ఆ సంస్థ విడుదల చేసిన ప్రతి రకానికీ ముందు చేరింది: కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్‌రాజ్. అయితే రకాలు ఒక్కటే ఈ మార్పు తేలేదు. డాక్టర్ పుష్కర్‌నాథ్ రూపొందించిన విత్తన మడి పద్ధతి అసలు మలుపు.

అంతకు ముందు శుభ్రమైన విత్తనం కొండల మీదే తయారయ్యేది, మైదానాల అవసరంలో అది ఏ మూలకూ సరిపోయేది కాదు. కొత్త పద్ధతి సూత్రం ఇదీ: వైరస్‌ను మోసుకొచ్చేది పేనుబంక అనే పురుగు. ఉత్తరాది మైదానాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు చివరి దాకా అది చాలా తక్కువ. కాబట్టి ఆ రోజుల్లోనే విత్తన పంట పెంచాలి. వంద ఆకులకు ఇరవై పేనుబంకలు చేరే లోపు నీళ్లు ఆపి, మొక్కల పైభాగం నేల మట్టానికి కోసేయాలి. వైరస్ కిందికి దిగే దారి మూసుకుపోతుంది. గడ్డలను రెండు మూడు వారాలు మట్టిలోనే ఉంచి తోలు గట్టిపడ్డాక తవ్వుతారు. చదవడానికి ఇది తేలికే. కానీ ఒక రైతు వేళకు కోసి, పక్క చేనాయన ఇంకో పది క్వింటాళ్లు ఊరుతాయని ఆగితే, ఆయన చేనులో పెరిగిన పేనుబంక ఊరంతా తిరుగుతుంది. అందరూ ఒక తేదీకి కట్టుబడితేనే ఈ పద్ధతి నిలబడుతుంది. జలంధర్ చుట్టుపక్కల రైతులు ఆ క్రమశిక్షణ పట్టుకున్నారు. దేశానికే విత్తన గడ్డ అమ్ముతున్నారు.

1974లో సిమ్లా కేంద్రంగా భారత బంగాళాదుంప సంఘం ఏర్పడింది. పరిశోధన పత్రిక నడుపుతోంది, సదస్సులు జరుపుతోంది. 2020 జనవరిలో గాంధీనగర్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో వ్యాసాలతో పాటు ప్రదర్శన, క్షేత్ర దినం కూడా పెట్టారు. మంచి పనే. అయినా ఇలాంటి సంఘాలు ముఖ్యంగా శాస్త్రవేత్తలవే. రైతు అక్కడ అతిథి. క్షేత్ర దినం నాడు వచ్చి చూసి వెళతాడు. మరుసటి ఏడు ఏ రకం మీద పని జరగాలో తేల్చే చోట అతనికి కుర్చీ లేకపోతే ఆ సంఘం సగమే పనిచేస్తుంది.

చిలగడదుంప కథ ఇంకా నిరాశగా ఉంటుంది. దేశంలో దాని సాగు దాదాపు లక్ష హెక్టార్లు. ఒడిశా ముందుంది. తిరువనంతపురం శివార్లలోని శ్రీకార్యంలో 1963 నుంచి కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఉంది, దానికి భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి నుంచి వచ్చిన భూసోనా అనే నారింజ రంగు దుంపలో వంద గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) ఉంటుంది, మామూలు రకాల్లో రెండు మూడు మిల్లీగ్రాములే. ఊదా రంగు భూకృష్ణా మరో మంచి రకం. పసిపిల్లల చూపును కాపాడే పదార్థం ఇంత చవగ్గా చేతికి వచ్చింది. కానీ మన ఊళ్లలో గెణుసుగడ్డ, కందగడ్డ అంటే శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునేదే. ఆ వారం ధర పలుకుతుంది, తర్వాత అడిగేవారుండరు.

ఈ పంటకు పెద్ద శత్రువు ముక్కుపురుగు. దుంప ఊరేకొద్దీ నేల నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల గుండా పురుగు దిగి దుంపను తొలుస్తుంది. కాస్త తొలిచినా దుంపంతా చేదెక్కి నోట పెట్టలేం. పాత తీగ మొదట్లో గుడ్లు ఉంటాయి కాబట్టి తీగ కొన నుంచి కోసిన ముక్కలే నాటాలి. బోదెలకు మట్టి ఎగదోసి నెర్రెలు మూయాలి. లింగాకర్షక బుట్టలు పెట్టాలి. ఇక్కడా సంగతి అదే: తవ్వకం అయ్యాక ఒక రైతు పనికిరాని దుంపలు, తీగలు గట్టున వదిలేస్తే వచ్చే పంటకు పురుగు అక్కడి నుంచే బయల్దేరుతుంది.

శుభ్రమైన తీగను రైతుకూ, మేలైన దుంపను పిల్లలకూ చేర్చే ముడి ఎలా విప్పాలో ఆఫ్రికా చూపించింది. మొజాంబిక్‌లో మరియా ఆండ్రాడే, ఉగాండాలో రాబర్ట్ మ్వాంగా స్థానిక నేలలకు తగ్గ నారింజ రంగు రకాలు తీర్చిదిద్దారు. జాన్ లో వాటిని పిల్లల పళ్లెం దాకా చేర్చే దారి వేసింది. 2016లో ఈ ముగ్గురికీ హోవర్త్ బూయీతో పాటు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అక్కడ తీగలు ఏదో దూరపు పరిశోధన కేంద్రం గేటు దగ్గర పంచలేదు. ఊళ్లలో నీటి వసతి ఉన్న రైతులను ఎంచి, శుభ్రమైన తల్లి తీగలిచ్చి, చుట్టుపక్కల వాళ్లకు అమ్ముకోనిచ్చారు. తీగ మూడు రోజుల్లో వాడిపోయే సరుకు, వంద కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చుకుంటే పని జరగదు.

ఇక మన దగ్గరికి వద్దాం. జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డకు ఎకరాకు దాదాపు పది క్వింటాళ్ల విత్తన గడ్డ కావాలి. అది ఉత్తరాది నుంచి లారీల్లో వస్తుంది. దారిలో కుళ్లిందెంత, కోల్డ్ స్టోరేజీలో ముదిరిందెంత అన్నది బస్తా విప్పాక గానీ తెలియదు. ఒక్కో ముక్కకు రెండు కళ్లుండేలా కోసి నాటుతారు. కుళ్లు గడ్డ కోసిన కత్తితోనే మంచి గడ్డలూ కోస్తే తెగులు బస్తా అంతా పాకుతుంది. పెట్టుబడిలో పెద్ద వాటా ఈ విత్తనానిదే. పలమనేరు, కుప్పం వైపు ఉర్లగడ్డ రైతులదీ ఇదే తంటా. మన జనవరి ఉత్తరాదిలా చల్లగా ఉండదు, పేనుబంక లేని కాలం అంత నిడివిగా దొరకదు. కనుక పంజాబ్ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం. పక్కనే కర్ణాటకలోని హాసన్‌లో వేరే దారి పట్టారు: టిష్యూ కల్చర్ మొక్కల కొనలు తుంచి, నర్సరీలో వేళ్లు పుట్టించి, ఆ నారుతో విత్తన గడ్డలు పండిస్తున్నారు. లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఆ పనికి తోడ్పడింది. చిత్తూరు సరిహద్దు రైతుకు జలంధర్ కన్నా హాసన్ ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

చిప్స్ కంపెనీలు ఒప్పంద సాగుతో విత్తనం ఇస్తాయి కదా అంటారు. గుజరాత్‌లో ఇచ్చాయి, హెక్టారుకు 30 టన్నుల దిగుబడి కూడా వస్తోంది. కానీ కంపెనీ తనకు కావలసిన రకమే ఇస్తుంది. నిల్వ ఉండని చిలగడదుంప వైపు చూడాల్సిన అవసరం దానికి లేదు. కూలి మీద బతికే ఇంటి పిల్లకు విటమిన్ ఎ ఎవరు చేర్చాలి? ఆ పని సంఘమే చేయాలి. సంఘం అంటే రిజిస్టర్ చేసి బోర్డు తగిలించేది కాకూడదు. పాలకవర్గంలో సగానికి మించి సాగుచేసేవాళ్లుండాలి, అందులో స్త్రీలుండాలి. మండలానికో తీగ నర్సరీ, జిల్లాకో శుభ్రమైన గడ్డల నెట్‌హౌస్ దాని చేతిలో ఉండాలి. నాటే తేదీ, నరికే తేదీ, చెత్త తగలబెట్టే తేదీ ఊరంతా కలిసి ఖాయం చేసుకోవాలి. పండిన భూసోనాను కొనడానికి అంగన్‌వాడీలుండనే ఉన్నాయి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉద్యాన విశ్వవిద్యాలయాలు, రెండు ప్రభుత్వాల ఉద్యాన శాఖలు ఈ అక్టోబరులో విత్తన లారీలు రాకముందే జహీరాబాద్, పలమనేరు రైతులను పిలిచి కూర్చోబెట్టాలి. సిమ్లా నుంచి ఒకరిని, శ్రీకార్యం నుంచి ఒకరిని, హాసన్ నర్సరీ రైతుల్లో ఇద్దరిని కూడా రప్పించాలి. మొదటి సమావేశంలో తేల్చాల్సింది ఒక్కటే: వచ్చే ఏడాది విత్తనం ఎవరు, ఎక్కడ, ఎంత పండిస్తారు.