ఆటలో దాగిన ప్రశ్న

కంప్యూటరు ఆటలన్నీ కాలహరణమేనని మేము చాలాకాలం భావించాము. 1986లో అమెరికాలో వెలువడిన ‘స్టార్‌ఫ్లైట్’ మా అభిప్రాయాన్ని మార్చివేసింది. రెండు ఫ్లాపీలలో ఇమిడిన ఆ ఆటలో 270 నక్షత్ర మండలాలు, 800 గ్రహాలు ఉన్నాయి. ఆటగాడు నౌకకు సిబ్బందిని ఎన్నుకొని, వారికి శిక్షణ ఇప్పించి, ‘ఎండ్యూరియం’ అనే స్ఫటికాలను ఇంధనంగా మండిస్తూ అంతరిక్షంలో సాగిపోతాడు. తుదకు తెలిసేదేమనగా, ఆ స్ఫటికాలు రాళ్లు కావు, బుద్ధి గల ప్రాణులు! ఇన్నాళ్లూ దహించినది పరప్రాణమని గ్రహించిన పిమ్మట గెలుపు రుచించదు.

ఈ ఆటను నేడు తలచేవారు అరుదు. కాని అది వేసిన ప్రశ్న మనకు దూరమైనది కాదు. అణు ఇంధనానికై నల్లమలలో యురేనియం అన్వేషణ తలపెట్టినప్పుడు అమ్రాబాద్ చెంచులు ఎదిరించారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ సైతం దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. భూగర్భం నుండి పైకి వచ్చేదంతా మేలు చేయదని, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన మర్రిగూడ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థులారా, ఆటలాడండి. అయితే మన ప్రయాణానికి ఎవరి బ్రతుకు ఇంధనమవుతున్నదో విచారించడం మరువకండి. అట్టి విచారణ నేర్పే ఆటను సాహిత్యం సరసన నిలుపుట న్యాయమని మా అభిప్రాయం.