ఏకముఖ సంబంధం అభేదానికి హేతువు కాదు

“క్వాంటం భౌతికశాస్త్రం అద్వైతాన్ని నిరూపించింది” అనే మాట నేడు ప్రవచన వేదికలపై సిద్ధాంతంగా చలామణి అవుతున్నది. మన కొత్తకోటకు పొరుగున ఉన్న గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితపోషణకు ప్రసిద్ధాలు. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. అటువంటి నేలమీద ప్రతిజ్ఞ చేసేవారు హేతుపరీక్షకు సిద్ధపడవలసినదే.

పూర్వపక్షం ఇది: సంశ్లిష్టమైన రెండు కణాలు ఎంత దూరమైనా వాటి ఫలితాలు అనుసంధానమై ఉంటాయి, కనుక భేదం మిథ్య. అనుసంధానం సత్యమే. 1964లో బెల్ నిర్దేశించిన హద్దును ప్రకృతి అతిక్రమిస్తున్నదని స్థాపించిన ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి లభించింది. దోషమంతా ఆ “కనుక”లో ఉన్నది.

ఒకచోట మనం ఎంచుకొన్న కొలతను బట్టి దూరస్థ కణానికి ఆపాదించవలసిన స్థితులు మారడాన్ని 1935లో ష్రోడింగర్ ‘స్టీరింగ్’ అన్నాడు. ఆ కణానికి ముందే ఒక స్థితి నిశ్చితమై ఉన్నది, అది మనకు తెలియదంతే అనే వివరణ విఫలమైనప్పుడే స్టీరింగ్ సిద్ధిస్తుందని 2007లో వైజ్‌మన్, జోన్స్, డోహర్టీలు లక్షణం చెప్పారు. 2012లో జర్మనీలోని హనోవర్ ప్రయోగం రెండు కాంతిపుంజాలలో, గాసియన్ కొలతల పరిధిలో, ఒక వైచిత్ర్యాన్ని చూపింది: మొదటిది రెండవదానిని స్టీర్ చేయగలదు, రెండవది మొదటిదానిని చేయజాలదు.

అభేదమో, స్వభావతః ఉభయముఖం. జీవుడు బ్రహ్మాభిన్నుడైతే బ్రహ్మమూ జీవాభిన్నమే. స్టీరింగే హేతువైతే ఒకవైపు అద్వైతం, మరొకవైపు ద్వైతం సిద్ధించాలి! “స్టీరింగ్‌ను విడిచి సంశ్లేషాన్నే హేతువు చేస్తాము” అంటారా? సంబంధానికి ఇద్దరు సంబంధులు కావాలి. అద్వితీయానికి రెండవది ఏది? పైగా పరిసరాల అలజడికి సంశ్లేషం నశిస్తుంది. అట్లా నశించేది నిత్యవస్తువుకు లింగమెట్లా అవుతుంది?

“ష్రోడింగర్ వేదాంతి కదా!” అంటారు. ఉపనిషత్తులను ఆయన ఆదరించాడు, నిజమే. అయితే 1944 నాటి ‘వాట్ ఈజ్ లైఫ్?’ ఉపసంహారంలో ఆ భావాలను తన వ్యక్తిగత దృష్టిగానే నివేదించాడు. ఆయన పాటించిన ఆ సంయమం మనకెందుకు లేదు?

ఇది కేవలం తర్కవినోదం కాదు. ఈ అనుసంధానంతో ఒక్క సందేశమైనా పంపడం సాధ్యం కాదు. అయినా ‘క్వాంటం’ పేరిట దూరచికిత్సలు, శక్తిపాతాలు అమ్ముడవుతున్నాయి. భక్తుల ధనమూ విశ్వాసమూ వ్యయమవుతున్నాయి.

నూరు శ్రుతులు చెప్పినా అగ్ని చల్లనిది కాబోదని గీతాభాష్యంలో శంకరులు ప్రమాణాల పరిధిని నిర్ణయించారు. ఆ న్యాయం ఇటువైపూ వర్తిస్తుంది: నూరు ప్రయోగాలు చేసినా, ఇంద్రియగోచరం కాని బ్రహ్మం యంత్రానికి విషయం కాబోదు. ప్రయోగశాల ఊతంపై నిలిపిన శ్రద్ధ, సిద్ధాంతం మారిననాడు కూలిపోతుంది. సాధకులారా, భౌతికశాస్త్రాన్ని భౌతికశాస్త్రంగా గౌరవిద్దాం. ఆత్మను శ్రవణ మనన నిదిధ్యాసలతో అన్వేషిద్దాం.