అప్పు ఎవరి పొలం తడిపింది?

సర్కారు అప్పు చేస్తే పాపమని మనకు నూరిపోశారు. ఇల్లు గడుపుకున్నట్టే రాజ్యం నడపాలంటారు. ఇంటాయన పన్ను వెయ్యలేడు, రూపాయి పుట్టించలేడు. కేంద్రానికి ఆ రెండు అధికారాలూ ఉన్నాయి. రాష్ట్రానికి రూపాయి పుట్టించే అధికారం లేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం కొత్త అప్పుకు రాజ్యాంగం 293వ అధికరణం కింద అనుమతీ కావాలి. ఈ తేడాలన్నీ వదిలేసి బీదవాడి పద్దు దగ్గరే లోటు గుర్తు చేయడం అన్యాయం.

మన ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో పునాది పడింది. ఇదే మండలం గుడెందొడ్డి దగ్గర నెట్టెంపాడు ఎత్తిపోతల పథకం నీళ్లు తోడుతోంది. లాభమే చూసుకునే పెట్టుబడి ఇక్కడికొచ్చి ఈ పనులు చేసేది కాదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పాలమూరు లేబర్ అన్న పేరుతో ఊరూరా మట్టి మోసిన జనానికి సొంత చేలో పని దొరకాలంటే ప్రజల సొమ్మే కావాలి. అప్పు అంకె చూసి బెదిరే ముందు అది ఎవరి పొలం తడిపిందో, ఎవరి కమీషన్లకు పోయిందో నిలదీయాలి.

ఇక మార్కెట్ సంగతి. ధరూర్ ఉన్న ఈ నడిగడ్డలో సీడు పత్తి రైతుకు కంపెనీ ముఖం కనబడదు, నడుమనున్న ఆర్గనైజరే కనబడతాడు. పెట్టుబడి అతని దగ్గరే, వడ్డీ అతనికే. ధర పైన ఎక్కడో తేలుతుంది. మొగ్గ మొగ్గా గిల్లి క్రాసింగు చేసి, విత్తనం అప్పజెప్పి, విత్తన పరీక్షల ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఫెయిలైందంటే పంట పైసలు పోతాయి, వడ్డీ మాత్రం ఆగదు. ఆ చేలల్లో బడి మానేసిన పిల్లలూ పనిచేశారు. ఒక పక్షానికే ఎంచుకునే వీలున్న బేరాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు.

లోటు మాట గుర్తురాని చోట్లూ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం, మినహాయింపులు వదులుకునే దేశీ కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించింది. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి తగ్గుతుందని తనే లెక్క చెప్పింది. 2018లో రాష్ట్రం మొదలుపెట్టిన రైతుబంధు సాయంలో ఎకరాలకు పరిమితి ఉండేది కాదు, కౌలుదారుకు చోటు ఉండేది కాదు. పెద్ద కమతానికి పెద్ద మొత్తం అందింది.

ధరూర్‌లో పుట్టి చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న బిడ్డలారా, గ్రామసభకు రండి. సీడు రైతుకు కంపెనీ సంతకంతో ఒప్పంద కాగితం, రైతు కళ్లముందే పరీక్ష, కౌలుదారుకు సాయం జాబితాలో పేరు: ఈ మూడూ రైతులతో కలిసి అడగండి.