అమ్మీ సంతకం చెల్లదట

జిల్లా కోర్టు గార్డియన్ కాగితాల్లో మైనర్ల పొలాలకు, ఇళ్లకు లెక్క ఉంటుంది. అమ్మీకే చోటు వెతుక్కోవాలి. అబ్బా పోతే కొంత వయసుదాకా పిల్లల్ని సాకడం ఆమెది. ఆస్తి మీద పెత్తనం దాదాది, లేదా వాళ్లు వీలునామాలో రాసిన మనిషిది. వాళ్లెవరూ లేకపోయినా ఆమెకు దానంతటది రాదు. 1918లో ఇమాంబందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఇదే ఖాయం చేసింది. తీర్పు చెప్పింది తెల్లదొర కాదు, మన సయ్యద్ అమీర్ అలీయే! 2022లో కేరళ హైకోర్టుదీ అదే దారి.

ఇది చూపి మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు 1956 హిందూ మైనారిటీ చట్టం తిరగేయండి: అక్కడా తండ్రి తర్వాతే తల్లి.

మా పెద్దల్నే గట్టిగా అడుగుతున్నాం. 1890 గార్డియన్స్ చట్టం కింద కోర్టు తల్లిని నియమించవచ్చు కదా. కుట్టుమిషను తొక్కి పిల్లల్ని సాకినావిడ ఆ అర్జీ పెడితే, అడ్డు అర్జీతో ముందు పరిగెత్తేది చాచాలూ తాయాలే ఎందుకు?