గోడమీది దేశం

మా కళాశాల అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు పాత పోస్టరు నకలొకటి తగిలించాడు. 1930ల నాటిది: తాజమహలు, కింద 'విజిట్ ఇండియా' అనే పిలుపు. "యెంత అందం! ఇందులో రాజకీయమేముంది సార్?" అన్నాడు. అందం లేదని నేననను. ఆ అందం యెవరి పని చేసిపెట్టిందని అడుగుతున్నాను.

ఆ పోస్టర్లు వేయించినది బ్రిటిషు పాలనలోని రైల్వేల ప్రచారశాఖ. పిలిచింది లండను, న్యూయార్కుల్లోని డబ్బున్నవారిని. 1930లో ఉప్పు సత్యాగ్రహులపై లాఠీలు విరుగుతున్న దేశం, ఆ కాగితాలమీద మాత్రం కోటలూ ఏనుగులూ గల ప్రశాంత సీమ! రాయి కనబడింది, చెక్కిన చెయ్యి కనబడలేదు. రైలెక్కమన్నారు; రైలుకు బొగ్గెక్కడిదో చెప్పలేదు. నిజాం రైళ్లను నడిపింది, 1889 నుంచి ఇల్లెందు గనుల్లో మనవాళ్లు తవ్విన బొగ్గు.

స్వాతంత్ర్యం వచ్చింది. గోడ మారిందా? 1946లో బాబీ కూకా, ఉమేష్ రావు ఎయిరిండియాకు కల్పించిన మహారాజు, 1953లో ఆ సంస్థ జాతీయమైన తర్వాత కూడా దేశదేశాల పోస్టర్లలో వంగి దండాలు పెడుతూనే వచ్చాడు. సంస్థానాలు పోయినవి. తెలంగాణా రైతు దొరలమీద ఆయుధం పట్టినాడు. కాని ప్రజల విమానానికి ముఖం మాత్రం మహారాజుదే! అది హాస్యమనీ, ఆతిథ్యమనీ సమర్థించేవారున్నారు. ఆతిథ్యం మహారాజుల సొత్తా? అతిథికి తన గంజి పంచిన గుడిసె ఈ దేశంలో లేదా?

మనవైపూ చూడాలి. 1929లో యేర్పడిన సోవియట్ ఇన్‌టూరిస్టు కూడా విదేశీ ద్రవ్యం కోసం రంగుల పోస్టర్లతో పరదేశపు ధనికులను పిలిచింది. 1932-33లో ఉక్రెయినులో లక్షలాది జనం ఆకలితో చనిపోయారు. ఆ సంగతి ఏ పోస్టరూ చెప్పలేదు. యెదుటివారి గోడమీది అబద్ధాన్ని పట్టే కన్ను మన గోడ దగ్గర మూతపడితే, అది విమర్శ కాదు, భజన.

ఇప్పుడు మన వూరి సంగతి. 2022 డిసెంబరులో ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' పేర హైదరాబాదు నుంచి ఇక్కడికి యాత్ర మొదలుపెట్టింది. జనం గని చూడడం మంచిదే. కాని దర్శనం యెవరిది? యంత్రానిదేనా? తట్టా చెమ్మాసులతో టబ్బులు నింపిన ఫిల్లరుది కాదా? నేడు మట్టి తీస్తున్న కాంట్రాక్టు కార్మికునిది కాదా?

విద్యార్థులారా, పోస్టరు కనబడినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయండి: డబ్బు పెట్టినదెవరు? చూడవలసినదెవరు? బొమ్మలో లేనిదెవరు?

మిత్రుని పోస్టరు తీసివేయమనను. దాని పక్కన ఒక ఫిల్లరు బొమ్మ తగిలిస్తాను. తాజమహలు పక్కన అతను అందంగా లేడని యెవరైనా అంటే, అసలు వాదన అక్కడ మొదలుపెడదాం.